కొండ మీద పొద్దు పోవట్లేదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కొండల గురించే. చలికాలం కదా, లంబసింగి మంచు ఫొటోలు అందరి ఫోన్లలో తిరుగుతున్నాయి, దాని ప్రభావం అయ్యుంటుంది. పాడేరు ఏజెన్సీలో, అంటే గిరిజనులుండే ఆ కొండ ప్రాంతంలో, పదకొండేళ్లు టీచరుగా పనిచేసి దిగొచ్చానని ఎప్పుడో ఒక్కసారి ఈ పేజీలో నోరు జారాను, దాని ఫలితం ఇది. సరే, ముందు పెద్ద ఉత్తరం చూద్దాం.

ప్రశ్న: అమ్మా, నాకు 24 ఏళ్లు. పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో. అగ్రికల్చర్ బీఎస్సీ అయ్యాక ఒక కాఫీ సంస్థలో ఫీల్డ్ ఉద్యోగం వస్తే ఎగిరి గంతేసి అక్టోబర్‌లో పాడేరు దగ్గర ఊరికి వచ్చేశాను. రైతుల తోటలు చూడటం, వివరాలు ట్యాబ్‌లో ఎక్కించడం, వారానికో మీటింగ్ పెట్టడం నా పని. మొదటి పది రోజులు స్వర్గంలా ఉంది, ఇప్పుడు పిచ్చెక్కుతోంది. పదింటికి మీటింగ్ అంటే పన్నెండున్నరకి నలుగురొస్తారు. ఏది అడిగినా ‘చూద్దాం సారు’ అంటారు. ఆరింటికల్లా చీకటి, ఏడున్నరకి ఊరంతా నిద్ర, నేనొక్కణ్ణే గదిలో గోడలు చూస్తూ కూర్చుంటాను. ఫోన్ సిగ్నల్ కావాలంటే ఊరి చివర పనస చెట్టు దాకా నడవాలి. బట్టలు మూడు రోజులైనా ఆరవు. బండ్ల హారన్లు వినపడక నిద్ర పట్టని రోజొకటి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. పైనుంచి ఆఫీసువాళ్లు ‘నంబర్లు ఏవి’ అని రోజూ టెన్షన్ పెడుతున్నారు. వీళ్లకి తొందర అనేదే లేదా? లేక నేనే ఇక్కడికి పనికిరానా? రాజీనామా చేసేద్దామనిపిస్తోంది.

జవాబు: నాయనా, కోపం తెచ్చుకోనంటే ముందు ఒకటి అడుగుతాను. మీటింగ్ ఏ రోజు పెడుతున్నావు?

ఎందుకంటే నేను చేసిన తప్పే నువ్వూ చేస్తున్నావేమోనని అనుమానం. కొత్తగా వెళ్లిన ఏడాది, అనకాపల్లి నుంచి వెళ్లిన మేధావిని కదా, తల్లిదండ్రుల సమావేశం పెట్టి, బడంతా మావిడాకులు కట్టించి, పిల్లలకి పాట నేర్పించి, మధ్యాహ్నం రెండింటిదాకా గుమ్మంలో నిలబడ్డాను. ఒక్క ముసలాయన వచ్చాడు, ఆయనా చుట్టకి నిప్పు అడగడానికి. పిల్లల చదువంటే వీళ్లకి పట్టదని ఆ రాత్రి మా అమ్మకి ఉత్తరం కూడా రాసేశాను. మర్నాడు వంటావిడ చెప్పింది, నిన్న సంత కదమ్మా అని. నాకంటే ముందు ఆవిడకి తెలుసు, పిల్లలకీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నేను అడగలేదు.

వారపు సంత అంటే నీకు కూరగాయల బజారులా కనిపించొచ్చు. అక్కడ అది బ్యాంకు, పోస్టాఫీసు, చుట్టాలిల్లు, పెళ్లిచూపులు అన్నీ కలిసిన రోజు. పసుపు, రాజ్‌మా పిక్కలు, కొండచీపుర్లు, అడ్డాకులు అమ్మి, ఉప్పూ నూనే ఎండుచేపలూ కొనుక్కుని, పై ఊళ్లో ఇచ్చిన చెల్లెలి కబుర్లు కనుక్కుని రావాలి. ముందురోజు మూటలు కట్టుకోవడంతో సరిపోతుంది, తర్వాతి రోజు పొద్దున మనుషులు ఇంకా నిద్రమత్తులోనే ఉంటారు. అంటే వారంలో నీకు మిగిలేది నాలుగు రోజులు. ఆ నాలుగిట్లోనూ పదింటికి మీటింగ్ అనే మాట నీ కంపెనీ క్యాలెండర్‌లో ఉంటుందేమో గానీ నవంబర్, డిసెంబర్ నెలల్లో ఏ కాఫీ రైతు ఇంట్లోనూ ఉండదు.

నువ్వు చదువుకున్నవాడివే, కాఫీ గురించి నీకు నేను పాఠం చెప్పక్కర్లేదు. కానీ పుస్తకంలో చదివినదాన్ని మనుషుల రోజువారీ పనితో కలిపి చూసినట్టు లేవు. అరబికా పండు ఒక చెట్టుకి ఒకేసారి ఎర్రబడదు, పండినవి మాత్రమే ఏరాలి, అందుకే అదే చెట్టు దగ్గరికి మూడు నాలుగు విడతలు వెళ్లాలి. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య, వాలులో నిలబడి కోయాలి. ఇవాళ కోసిన పండు ఇవాళే తోలు తీసే యంత్రంలో, అదే పల్పర్‌లో పడాలి, లేదంటే బుట్టలోనే పులిసి రుచి చెడిపోతుంది. తోలు తీశాక జిగురు వదలడానికి నానబెట్టాలి, చలి ఎక్కువైతే దానికి ఇంకా ఎక్కువ గంటలు పడుతుంది, అది చేతితో నలిపి చూసి తెలుసుకునే పని. తర్వాత కడగాలి, ఆరబోయాలి, రోజుకి చాలాసార్లు కలియబెట్టాలి, మంచు పడకముందే సాయంత్రం కప్పెట్టాలి, తేమ పదకొండు పన్నెండు శాతానికి దిగేదాకా రోజూ ఇదే. ఇదంతా జరిగే నెలల్లోనే దిగువ పొలంలో వరి కోతకొస్తుంది. మరో పక్క రాజ్‌మా. ఇక నువ్వేమో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పదింటికి కూర్చుని, వీళ్లకి తొందర లేదా అని అడుగుతున్నావు.

ఒక పని చెయ్యి. రేపు సాయంత్రం నాలుగింటికి ట్యాబ్ గదిలో పెట్టేసి పల్పర్ దగ్గరికి వెళ్లి నిలబడు. పండ్ల బస్తాలతో దిగేవాళ్ల నడక చూడు, చీకటి పడేలోపు అవి కాకపోతే ఎలా అరుచుకుంటారో విను. నీకు కావల్సిన రైతులు ముప్పై మంది అక్కడే నీ కళ్లముందు వరుసలో నిలబడి ఉంటారు, ఖాళీగానే ఉంటారు, వాళ్ల వంతు వచ్చేదాకా. నంబర్లు అక్కడ అడుగు. చేతులు ఊపుకుంటూ నిలబడకుండా ఒక బస్తా పట్టించు, మరీ నటించకు, వాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, అదీ మంచిదే.

‘చూద్దాం సారు’ సంగతి. ఈ మాటకి నాకు తెలిసి కనీసం మూడు అర్థాలున్నాయి: ఇష్టం లేదు, ఇంట్లో అడగాలి, నువ్వు ఎన్నాళ్లుంటావో చూద్దాం. మూడోదే ఎక్కువ. నీకు ముందు ఎంతమంది ప్యాంటు, షూ వేసుకుని పుస్తకాలు పట్టుకుని వచ్చి పేర్లు రాసుకుని వెళ్లారో లెక్క లేదు, వాళ్లలో సగం మంది మొదటి వానకి దిగిపోయారు. ఊళ్లో వాళ్లకి నీ మీద పగేమీ లేదు, అనుభవం ఉంది అంతే. ఇంకోటి, ముంచింగిపుట్టు, పెదబయలు వైపు చాలామంది పెద్దవాళ్లు ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, కోందు గిరిజనుల ఊళ్లలో కువి భాష, తెలుగనేది వాళ్లకి బయటి పనికి వాడే భాష. నువ్వు కూకట్‌పల్లి స్పీడులో నాలుగు ప్రశ్నలు వరుసగా అడిగితే ‘చూద్దాం’ తప్ప ఇంకేం వస్తుంది? ఒక్కటి అడిగి ఊరుకో. ఆ ఊరుకోవడం చాలా కష్టం, నాకు రెండేళ్లు పట్టింది, ఇప్పటికీ ఫోన్లో మా అల్లుడు అంటాడు అత్తయ్యా కొంచెం ఊపిరి తీసుకోండి అని.

సాయంత్రాల విషయం. ఇందులో నీ బాధ నిజమే, ప్రకృతిని ఆస్వాదించు లాంటి కబుర్లు నేను చెప్పను, చీకట్లో ప్రకృతి కూడా కనపడదు. కానీ నువ్వు ఏడున్నరకి ఊరంతా నిద్ర అన్నావు గానీ నాలుగున్నర నుంచి ఆరు దాకా ఊళ్లో ఏం జరుగుతుందో రాయలేదు. ఏజెన్సీలో వాలీబాల్ నెట్ కట్టని ఊరు నేను చూళ్లేదు. పనైపోయిన కుర్రాళ్లు అక్కడే ఉంటారు, పక్క ఊళ్లతో పందేలు కడతారు, ఒక మనిషి తక్కువైతే ఎవర్నైనా కలుపుకుంటారు. నీకు ఆట రాకపోతే స్కోరు రాయి. దగ్గర్లో గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాల ఉంటే హెడ్‌మాస్టర్ అనుమతి తీసుకుని వారానికి రెండు రోజులు పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పు, అక్కడ రాత్రి చదువు ఎలాగూ ఉంటుంది, నీ ఏడున్నర తొమ్మిదవుతుంది. ఇక మిగిలిన గంటకి సంత రోజున పాడేరులో సిగ్నల్ దొరికినప్పుడు సినిమాలు దించుకో, సిగ్గు పడకు, నేను ఆ రోజుల్లో డిటెక్టివ్ నవలలు బస్తాల్లో మోయించుకున్నాను.

నిద్ర పట్టకపోవడం పది పదిహేను రోజుల్లో పోతుంది, సాధారణంగా. అలా పోకుండా, అన్నం సహించక, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక, బతుకు మీద విసుగు పుట్టే దాకా వస్తే మాత్రం దాన్ని కొండ మీద తోసెయ్యకు. 14416కి ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైను, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పనస చెట్టు దాకా నడిచైనా చెయ్యి.

బట్టలంటావా, పొయ్యి మీద దండెం కట్టు, పొగ వాసన వస్తుంది, ఊళ్లో అందరికీ అదే వాసన. కుక్కర్లో కందిపప్పు ఉడకట్లేదని నువ్వు రాయలేదు గానీ రాస్తావు. వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకి అటూ ఇటుగా మరుగుతాయి, మూత పెట్టి మామూలు గిన్నెలో వండితే పప్పు ఎంతకీ మెత్తబడదు, రాత్రే నానబెట్టుకో, కుక్కర్‌లోనైనా రెండు విజిల్స్ ఎక్కువ రానీ. పొద్దున ఎవరింట్లోనైనా చోడి (రాగి) అంబలి పోస్తే వద్దనకు. జీలుగు కల్లు మాత్రం నీ ఇష్టం, పొద్దున తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసి తల తిప్పుతుంది, తాగనని రెండు చేతులెత్తి నవ్వుతూ చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. అన్నం వద్దంటేనే అనుకుంటారు. బొంగు చికెన్ రోజూ తింటారా అని మీ హైదరాబాద్ స్నేహితులు అడుగుతుంటారు కదా, అది రోడ్డు పక్కన టూరిస్టులకి, నీ పక్కింటి వాళ్లు వానాకాలంలో వండే వెదురు కొమ్ముల కూర తిన్నాక మళ్లీ నాకు రాయి.

రాజీనామా ఇప్పుడు చెయ్యొద్దు. కొండ గొప్పదని అనట్లేదు, కోతల మధ్యలో వదిలేస్తే నువ్వు రాసుకున్న రైతుల లెక్కలన్నీ గాల్లో కలుస్తాయి, డబ్బు అందాల్సిన వాళ్లకి ఆలస్యమవుతుంది. కాయ కోత ముగిసి చెల్లింపులయ్యే దాకా ఉండు. ఆ తర్వాత జూన్ నుంచి వానలొస్తాయి, అసలు పరీక్ష అది, దారులు జారతాయి, గెడ్డలు (వాగులు) పొంగుతాయి, కరెంటు రెండు రోజులు ఉండదు, మంచు ఫొటోల వాళ్లెవరూ కనపడరు. ఒక వానాకాలం చూశాక కూడా వద్దనిపిస్తే దిగిపో, దాన్ని ఓటమని నేననను, మా బ్యాచ్‌లో వచ్చిన ఆరుగురిలో నలుగురు దిగిపోయారు, హాయిగానే ఉన్నారు. ఈలోపు మీ ఆఫీసువాళ్లకి ఒక్క మెయిల్ పెట్టు: వారపు సంత రోజు, దానికి ముందురోజు రిపోర్టు అడగొద్దని, సాయంత్రం పల్పర్ దగ్గరే వివరాలు సేకరిస్తానని. కారణాలు రాసి పెడితే చాలా మంది మేనేజర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అది కొండ సమస్య కాదు, మీ మేనేజర్ సమస్య, ఆయన కూకట్‌పల్లిలో ఉన్నా అలాగే ఉంటాడు.

ప్రశ్న: మా అమ్మాయికి చింతపల్లి వైపు బ్యాంకులో పోస్టింగ్ వచ్చింది. ఒక్కతే గది తీసుకుని ఉంటోంది. నా భయమంతా మలేరియా గురించే. మాది కాకినాడ, ఇక్కడా దోమలున్నాయి కదా అని నవ్వుతోంది. ఏం జాగ్రత్తలు చెప్పాలి?

జవాబు: అమ్మాయి నవ్వితే నవ్వింది గానీ మీ భయం సబబే. అక్కడ మలేరియాని మోసే దోమల్లో ముఖ్యమైనది పారే గెడ్డల అంచుల్లో, ఊటల దగ్గర పెరుగుతుంది, మీ కాకినాడ మురుక్కాలువ దోమ వేరు. ఇంటి చుట్టూ శుభ్రంగా ఉంది కదా అంటే కుదరదు. మందు పట్టించిన దోమతెర వేసుకుని పడుకోవాలి, వేడిగా ఉందని పక్కకి తీయకూడదు (వేడి ఎక్కడిది లెండి ఇప్పుడు). ఇంటి లోపల గోడలకి మందు కొట్టడానికి వచ్చినవాళ్లని బట్టలు పాడవుతాయని తిప్పి పంపకూడదు, నేను ఒకసారి పంపాను, దాని ఫలితం అనుభవించాను, పదిహేను రోజులు మంచం.

అన్నిటికంటే ముఖ్యం, జ్వరం వస్తే ఒక పారాసిటమాల్ వేసుకుని రెండ్రోజులు చూద్దాం అనే అలవాటు కింద వదిలేసి ఎక్కాలి. వచ్చిన రోజే రక్తపరీక్ష. ఆశా కార్యకర్త దగ్గరే కిట్ ఉంటుంది, చుక్క రక్తంతో పావుగంటలో తెలుస్తుంది. ఫాల్సిపరం అనే మలేరియా రకమైతే ఆలస్యం చేస్తే మెదడు దాకా వెళ్లి ప్రాణం మీదికి వస్తుంది, మందు వెంటనే మొదలుపెడితే మామూలుగా తగ్గిపోతుంది. వైవాక్స్ రకానికి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు రాస్తారు, మూడో రోజుకి జ్వరం తగ్గగానే చాలామంది మానేస్తారు, కొన్ని వారాలకి అది మళ్లీ తిరగబెడుతుంది. ప్రైమాక్విన్ కొందరి ఒంటికి పడదు, కాబట్టి డాక్టరు చూసి రాశాకే వాడాలి. మీ దగ్గరికి సెలవుకి వచ్చి ఇక్కడ జ్వరం వచ్చినా సరే, కాకినాడ డాక్టరుకి ‘ఏజెన్సీ నుంచి వచ్చింది’ అనే మాట ముందు చెప్పండి.

ప్రశ్న: మేము భార్యాభర్తలం, ఇద్దరం ఐటీ, గచ్చిబౌలి. పోయిన నెల అరకు, వంజంగి వెళ్లొచ్చాక ఈ పరుగులు చాలనిపించింది. అక్కడ ఒక ఎకరం కొనుక్కుని చిన్న ఇల్లు కట్టుకుని ఇంటి నుంచే పని చేసుకుందామని. ఒకాయన తక్కువకే ఇప్పిస్తానంటున్నాడు. మీ సలహా?

జవాబు: ఆయన నంబర్ బ్లాక్ చెయ్యండి. ఇదే సలహా, మిగతాది వివరణ.

అరకు, పాడేరు, చింతపల్లి షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ప్రకారం ప్రత్యేకంగా గుర్తించినవి. అక్కడ ‘ఒన్ ఆఫ్ సెవెంటీ’ అనే మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనని 1970లో గట్టిగా సవరించారు, ఆ సవరణ పేరే 1/70. దాని ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనులకో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదలాయించడం కుదరదు. అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, గిఫ్ట్ డీడ్ అన్నీ అందులోకే వస్తాయి. ఒక గిరిజనేతరుడు ‘ఇది నాదే, నేను ఇంకో గిరిజనేతరుడికి అమ్ముతున్నా’ అన్నా చెల్లదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వకూడదని చెప్పింది. తెలంగాణలోని ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లోనూ ఇదే చట్టం, అక్కడికి పరిగెత్తకండి. ఇక మీకు ‘తక్కువకే ఇప్పిస్తా’నన్న ఆయన చూపించే దారి ఏమిటంటే ఎవరో గిరిజనుడి పేరు మీద బినామీగా పెట్టడం. అది ఆ మనిషికి ద్రోహం, మీకు నష్టం, కాగితం ముక్క విలువ చెయ్యదు.

మీ కోరిక మీద నాకు చిన్నచూపు లేదు. ఊరికే చూడాలంటే ఊరివాళ్లు నడిపే హోమ్‌స్టేలో, శని ఆదివారాలు కాకుండా, ఒక నెల అద్దెకి ఉండండి. మీ మీటింగుల మధ్యలో ఇంటర్నెట్ ఎన్నిసార్లు పోయిందో రాసుకోండి. ఆ కాగితం మీ మేనేజర్లకి చూపించి అప్పుడు మాట్లాడుకుందాం. మేఘాల మీద నిలబడి ఫోటో దిగే ముందు ఆ కొండ కింది ఊరివాళ్లు మీ బండ్ల శబ్దానికి తెల్లవారుజామున మూడింటి నుంచీ మేలుకుని ఉన్నారని కూడా ఒకసారి అనుకోండి.

ప్రశ్న: మావాడు అరకు దగ్గర పంచాయతీలో ఉద్యోగం చేస్తున్నాడు. బుద్ధిమంతుడు, జీతం బాగుంది. కొండ మీద ఉద్యోగం అనగానే పెళ్లి సంబంధాలవాళ్లు వెనక్కి తగ్గుతున్నారు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకోమంటే వాడు వినడు, అక్కడే బాగుందంటాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: వాడికి బాగుందంటే మొదటి సమస్య తీరినట్టే కదండీ, పైన ఉత్తరం రాసిన కుర్రాణ్ణి చూడండి. సంబంధాలవాళ్లకి దాచి చెప్పకండి, ‘వైజాగ్ దగ్గరే’ అనే మాట అసలు వాడకండి, ఆ నూటపదిహేను కిలోమీటర్లలో ఘాట్ రోడ్డు ఎంతో పెళ్లయ్యాక ఆ అమ్మాయికి ఎలాగూ తెలుస్తుంది. అమ్మాయిని, వాళ్ల అమ్మని ఒకసారి పైకి తీసుకెళ్లి వాడుండే ఇల్లు, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరమో చూపించండి. ఆ అమ్మాయి చదువుకుందంటే అక్కడ తనకేం ఉద్యోగం దొరుకుతుందో ముందే కనుక్కోమని వాడికి చెప్పండి, అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది, అవ్వాలి కూడా. ఇంకో మాట, మీరు అందరికీ పంపుతున్న ఫోటోలో మీవాడు పసుపుపచ్చని వలిసెపూల మధ్య మంచులో నిలబడి ఉన్నాడన్నారు. అది తీసేసి జూలైలో, గొడుగు విరిగి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బురదలో బండి తోస్తున్నది ఏదైనా ఉంటే అది పంపండి.